అరుగెక్కిన బస్తా

ఆషాఢానికి పుట్టింటికి వెళ్ళేలోగా, ఎండిన కురిడీ కొబ్బరికాయల నిండు బస్తాను నేల మీంచి అరుగు మీదకు తానొక్కతే ఎత్తాలి. అంబాజీపేటకు కొత్తగా కాపురానికొచ్చిన లక్ష్మీతులసి ఆ ఉదయం పెట్టుకున్న పని అదొక్కటే.

వచ్చిన కొత్తలో గ్యాస్ బండ కదపలేక భర్తను కేకేసింది. తర్వాత సిగ్గేసింది. అప్పటినుంచి నీళ్ళ బిందెతో మొదలుపెట్టి పావు బస్తాకు, ఆపైన అర బస్తాకు వచ్చింది. బరువు పెరిగిన ప్రతిసారీ భర్త క్రాంతికుమార్ కొబ్బరి లౌజు ముక్కొకటి నోట్లో పెట్టేవాడు. ఆ ముక్క కోసమైనా బస్తాలో ఇంకో పది కాయలు వేయించుకోవచ్చనిపించేది.

ఆ రోజు చూడ్డానికి అత్తగారు పాపాయమ్మ కాఫీ గ్లాసుతో అరుగు మీద కూర్చుంది. "ఎత్తు! ఇంకా ఎత్తు! ఆపేవంటే ఊరుకోను!" అని క్రాంతి కేకలు. బస్తా మోకాళ్ళ దాకా లేచింది. సరిగ్గా అప్పుడే దడి మీంచి పక్కింటి వీరాయమ్మ తల కూడా లేచింది.

"అయ్యయ్యో! కొత్తకోడలు!"

ఉలిక్కిపడి తులసి బస్తా వదిలేసింది. వీరాయమ్మ ఏమిటని అడగలేదు. ఏ సంగతైనా అడిగి తెలుసుకునే అలవాటు ఆవిడకు లేదు. మామిడికుదురులో ఉన్న చెల్లెలికి ఫోను చేసింది. తులసి పుట్టిల్లు ఆ పక్క వీధే. అత్త కాఫీ తాగుతూ, మొగుడు అదిలిస్తూ, కోడలి చేత లారీకి బస్తాలు ఎత్తిస్తున్నారన్న కబురు అక్కడికి చేరింది.

మధ్యాహ్నానికి తులసి తండ్రి సోమేశ్వరరావు, ఇద్దరు బాబాయిలు ఆటో దిగారు. అరుగు మీద పెట్టిన కాఫీ ఎవరూ ముట్టుకోలేదు.

"ఏంటన్నయ్యగారూ, చెప్పకుండా వచ్చేరు?" అంది పాపాయమ్మ.

"ఆయ్, ఏం లేదండి చెల్లెమ్మగారూ. ఊరికే వచ్చేం."

ఊరికే వచ్చిన మనిషి కూతురి అరచేతులు తిప్పి చూశాడు. కాయలు కాసి ఉన్నాయి. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"బట్టలు సర్దుకోమ్మా. ఈయేడు ఆషాఢం తొందరగా వచ్చేసింది."

"అంటే, మేం కోడలి చేత బస్తాలు మోయిస్తున్నామనాండీ?"

"మేమేమీ అన్లేదండి!"

"అనకుండానే అన్నారు కదండీ!"

క్రాంతి సర్దిచెప్పబోయాడు. "మేం చాలన్నా మానదండి మామయ్యగారూ. ఇంకో పది కాయలు వెయ్యమంటది." బాబాయిలు లేచి నిలబడ్డారు.

"నాన్నా, నాకిష్టమై ఎత్తుతున్నాను!"

"అత్తారి ముందు ఇంకేమంటావులేమ్మా."

తులసికి ఒళ్ళు మండిపోయింది. చేతులు తనవి, బస్తా తను ఎంచుకున్నది. జాలి పడే హక్కు మాత్రం వీళ్ళందరిదీనా? తనను అడిగిన నాథుడే లేడు! కొంగు బిగించింది. మోకాళ్ళు వంచి, నడుము నిటారుగా పెట్టి, బస్తాను పొట్టకు హత్తుకుంది.

"కాఫీ గ్లాసులు తియ్యండత్తయ్యగారూ!"

ఒక్క ఊపులో బస్తా అరుగెక్కింది.

అందరూ నోళ్ళు తెరిచారు. తులసి బస్తా మీద చెయ్యి వేసి, చిన్నపిల్లలా నవ్వేసింది.

సోమేశ్వరరావు చల్లారిన కాఫీ అందుకుని మీసం దువ్వుకున్నాడు. "మా ఇంటి గేదె పెరుగండి. ఆ బలం ఎక్కడికి పోద్దండి!"

"బాగుందండీ! వచ్చినప్పుడు గ్యాస్ బండ కదపలేకపోయింది. ఇది మా ఇంటి తిండండీ!" అంది పాపాయమ్మ.

"ఎత్తింది నేను!" అని తులసి అరిచింది. ఎవరూ వినలేదు. వియ్యాలవారు పెరుగు దగ్గర్నుంచి పులస దాకా వెళ్ళిపోయారు.

దడి మీంచి మళ్ళీ తల లేచింది. "అమ్మాయ్, గ్యాస్ బండ కూడా ఎత్తగలవా?"

వీరాయమ్మ ఒక సంగతి అడిగి తెలుసుకోవడం అదే మొదలు.