కిరసనాయిలు లైనూ, పిల్లల పెంపకమూ

కంట్రోలు డిపో ముందుండే లైనుకన్నా గొప్ప బడి ఈ దేశంలో మరొకటి లేదు! తల్లి లేని పిల్లలకు సొంతకాళ్ల మీద నిలబడడం నేర్పాలంటే మరేమీ అక్కర్లేదు. ఉన్న ఒక్క తండ్రినీ తీసుకెళ్లి ఆ లైన్లో నిలబెడితే చాలు.

నమ్మరా? అయితే మన అనకాపల్లి పరదేశిని చూడండి. బెల్లం మార్కెట్టులో దిమ్మలు మోసే మనిషి. భార్య పోయిన దగ్గర్నుంచి ఇద్దరాడపిల్లల్నీ అరచేతుల్లో పెట్టుకుని సాకుతున్నాడు. పెద్దది తలుపులమ్మకు తొమ్మిదేళ్లు, చిన్నది పైడితల్లికి నాలుగు. దానికి జడ వేసేదీ తనే, దీనికి ముద్దలు కలిపి పెట్టేదీ తనే.

"అలా నెత్తికెక్కించుకుంతే రేపు అత్తోరింట్లో ఏటి సేత్తారు? ఆళ్ల పనులు ఆళ్లని సేసుకోనీ!" అని పక్కింటి మరిడమ్మ పోరుపెట్టేది. పరదేశికీ అది నిజమేననిపించేది. కానీ చెయ్యి ఊరుకునేది కాదు.

ఇంతలో దేవుడల్లే యుద్ధం వచ్చిపడింది! ఎక్కడో ఎవడో ఎవడిమీదో బాంబు వేస్తే అనకాపల్లిలో కిరసనాయిలు మాయమైంది. ఇక సరుకేదైనా సర్కారువారి కంట్రోలు డిపోలో, ఇంటికింత అని కోటా ప్రకారమే. నూనెకో లైను, బియ్యానికో లైను, గుడ్డకో లైను. కోడి కూయకముందే సీసా పట్టుకుని వెళ్లినవాడు ఎండ నడినెత్తికొచ్చాక "స్టాకు లేదు, రేపు రా" అనే శుభవార్త వింటాడు. అటునుంచటే మార్కెట్టుకు. ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు.

ఇక అభివృద్ధి చూడండి! నెల తిరక్కుండా తలుపులమ్మ తన జడ తనే వేసుకుంది. గంజి వార్చడం నేర్చింది. చిన్నది తన ముద్ద తనే తింటోంది. మీ అయ్య ఏం చేస్తాడే అని ఎవరైనా అడిగితే "లైన్లో ఉంతాడు" అంటోంది. అదీ ఒక ఉద్యోగమే అనుకుంటోంది కాబోలు.

మొన్న డిపో తలుపే తెరవలేదు. మార్కెట్టుకూ సెలవు. పరదేశి సంబరంగా పొద్దున్నే ఇంటికొచ్చి, పిల్లలకు తనే అన్నం కలిపి పెడదామని కంచం తీశాడు.

"అప్పుడే వచ్చేసేవేటి అయ్యా?" అంది తలుపులమ్మ, గరిటె చేత్తో పట్టుకుని. "ఇంకా నీ వంతు రానేదు. పైడితల్లి ఎనక నిల్సో."

పరదేశి కంచం పట్టుకుని నాలుగేళ్ల పిల్ల వెనక నిలబడ్డాడు. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది. పిల్లలు తను లేకుండా బతకడం నేర్చుకోవాలనే కదా కోరుకున్నాడు! ఇంత బాగా నేర్చేసుకుంటారనుకోలేదు పాపం.

చిన్నది వెనక్కి తిరిగి అతని పంచె పట్టుకుంది.

"రేపు కూడా ఈ లైన్లోకే వత్తావా అయ్యా?"

సర్కారువారికి ఒక్క మనవి. కిరసనాయిలు మీ ఇష్టం, చీకటి మాకు అలవాటైపోయింది. ఆ పిల్లలకు మాత్రం కాస్త తండ్రిని ఇప్పించండి. కోటా ప్రకారమే ఇవ్వండి, వారానికి ఒక్క పూటైనా సరే!