ట్యాంకర్ హారన్‌కు చలించని మనసు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఏమిటో మొదటే చెప్పేస్తాను. నా రెండేళ్ల పాప నిద్రలో ఊపిరి ఆపేస్తుందేమోనని. పాపకు ఏ జబ్బూ లేదు. జబ్బంతా నాకే! మధ్యాహ్నం అది పడుకుంటే పది నిమిషాలకోసారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. అది ఉలిక్కిపడి లేచి ఏడుస్తుంది. అప్పుడు నాకు ప్రాణం లేచొస్తుంది.

ఇలాంటి నన్ను బాగుచేయడానికే మా మార్కాపురానికి మైండ్‌ఫుల్‌నెస్ అనే ధ్యానం వచ్చింది. ఈ కాలంలో ఆడవాళ్లకు దొరికిన వరాల్లో ఇదే గొప్పదని, తొమ్మిదో తరగతి దాకా చదివిన నేను రూఢిగా చెబుతున్నాను.

మొన్న వేసవిలో మా పొదుపు సంఘానికి ఒక సారు వచ్చారు. "శ్వాస మీద ధ్యాస పెట్టండమ్మా. దేన్నీ పట్టుకోవద్దు. వచ్చేది రానివ్వండి, పోయేది పోనివ్వండి" అన్నారు.

ఎంత చక్కటి మాట! శ్వాస మీద ధ్యాస నాకు రెండేళ్లుగా ఉన్నదే కదా? కాకపోతే ఆ శ్వాస నాది కాదు, అంతే తేడా.

ఇక దేన్నీ పట్టుకోకపోవడం అంటారా, అందులో మా ప్రాంతం ఎప్పుడో డిగ్రీ పుచ్చుకుంది. మా వీధి కుళాయికి నీళ్ల మీద మమకారం లేదు. యర్రగొండపాలెం బస్సుకు టైమ్ మీద వ్యామోహం లేదు. మా ఆయనైతే పుట్టు యోగి! పాప ఒళ్లంతా కక్కుకున్నా ఫోన్ మీద నుంచి దృష్టి చెదరదు. "సారు చెప్పేది నేను ఎప్పటినుంచో చేస్తానే ఉన్నా గదా!" అని గర్వం కూడా. నేను మాత్రం తక్కువా? చదువు వదిలేశాను, నిద్ర వదిలేశాను, వేడన్నం వదిలేశాను. ఇంకా నన్ను సంసారి అంటే ఎవరు నమ్ముతారు?

క్లాసు సంఘం గది ముందు, రేకుల నీడలో. నీళ్ల ట్యాంకర్ ఆగేదీ అక్కడే. మా బిందెలు వరుసలో నిలబడితే మేం కళ్లు మూసుకుని కూర్చున్నాం. ఇక్కడ బిందె నిలబడితే మనిషి నిలబడినట్టే లెక్క.

గాలి లోపలికి... గాలి బయటికి... దూరంగా హారన్! అంతే, ఇరవై మంది యోగినులం లేచి పరుగు. పక్కన పరుగెత్తే అవ్వ నన్ను మోచేత్తో పొడిచింది.

"ఏందే, పోయేది పోనీమన్నాడు గదా సారు! నీ వంతు నాకు పోనీ!"

"నీ వయసుకు నువ్వే ముందు వదలాల అవ్వా" అన్నాను.

ఒక్క మనిషి మాత్రం కదలలేదు. మా పక్కింటి ముబాషిరా. బిడ్డకు నాలుగు నెలలు. ఆ బిడ్డ ఒళ్లో గుక్కపట్టి ఏడుస్తున్నా, అందరూ తన బిందెను పక్కకు జరిపి ముందుకు పోతున్నా, కళ్లు తెరుచుకుని అలాగే కూర్చుంది.

"చూడండమ్మా! నిర్లిప్తత అంటే ఇదీ!" అంటూ సారు చప్పట్లు కొట్టించారు. నేనూ కొట్టాను. కుళ్లుకుంటూ మరీ కొట్టాను.

ఆ కిటుకేదో నేర్చుకుందామని, సాయంత్రం ఒక బిందె నీళ్లు ఎత్తుకుని ఆమె ఇంటికి వెళ్లాను. "ఎట్ల సాధించినావు ముబాషిరా?"

"ఏందక్కా సాధించేది?" అంది. "హారన్ ఇనపడింది. బిడ్డ ఏడ్చేదీ ఇనపడింది. ఏమీ అనిపియ్యలా. నెల నుంచీ ఇంతే. నేను లేకపోయినా ఈ బిడ్డకు ఏం కాదులే అనిపిస్తాది."

బిందె దించడం మరిచిపోయి నిలబడ్డాను. మేం దేనికి చప్పట్లు కొట్టామో అప్పుడు అర్థమైంది.

ఆ రాత్రే ఆమె భర్త ఇర్ఫాన్‌కు చెప్పాను, మర్నాడే దుకాణం మూసి ఆమెను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. బాలింతల మనసుకు వచ్చే జబ్బేనట. మందులున్నాయట. నిద్ర కావాలట, పక్కన మనుషులు కావాలట. ఇప్పుడు బిడ్డను వీధిలో వంతులేసుకుని ఎత్తుకుంటున్నాం. మొన్న ట్యాంకర్ దగ్గర ముబాషిరా "నా బిందె ఎవరు జరిపినారు?" అని వీధి దద్దరిల్లేలా అరిచింది. నా మీదే! అంత మంచి తిట్టు ఈ మధ్య నేను వినలేదు.

సారు మీద నాకు కోపం లేదు. కళ్లు మూసుకుని ఊపిరి పీల్చుకుంటే నాకూ కాస్త హాయిగానే ఉంది. కానీ వదిలేయమని చెప్పేవాళ్లు, చేతుల్లో బరువేముందో చూసి, ఒక చెయ్యి వేస్తే ఏం పోయింది? కంగారుపడే నన్ను చూసి వీధంతా నవ్వింది. చప్పుడు చేయని ఆమెను ఎవరూ చూడనే లేదు.

మీ వీధిలోనూ ఒక బాలింత ఉంటుంది. చాలా నెమ్మదస్తురాలని పేరు కూడా ఉంటుంది. ఇవాళే వెళ్లి చూసి రండి. బాగున్నావా అంటే బాగున్నాననే అంటుంది. అది విని లేచి రాకండి. బిడ్డను చేతుల్లోకి తీసుకుని, ఆమె రెండో మాట మాట్లాడేదాకా కూర్చోండి.