ఆర్డిస్ వేళ్లు, కంపెనీ పొదుపు

మానవజాతి కనిపెట్టిన పొదుపు మార్గాలన్నింటిలోకీ ఉత్తమమైనది మా అమెరికా ఆరోగ్య బీమా. చవకది కొని డబ్బు మిగుల్చుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. ఖరీదైనది కొని మిగల్చడానికే పెద్ద చదువులు కావాలి.

ఆ చదువు లేనిది ఆర్డిస్ తోర్గెర్సన్. మిన్నెసోటాలో మా ఊరి మగవాళ్లందరికీ ఏళ్ల తరబడి జుట్టు కత్తిరిస్తున్నది ఆవిడే. కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోతే, డాక్టర్ క్వామ్ ఒక ఇంజెక్షన్ రాశాడు. బయోసిమిలర్ అంటారు. పేరుమోసిన మందుకు పేటెంటు తీరాక వేరేవాళ్లు తయారుచేసిన, అదే పని చేసే చవక మందు. వేళ్లు విచ్చుకున్నాయి, కత్తెర మళ్లీ ఆడింది. (రోగికి నయమవుతోంది, ఖర్చూ తగ్గింది. ఈ రెండూ ఒక్కసారే జరిగితే ఎక్కడో అక్రమం ఉందని బీమావాళ్లు అనుమానించడం సహజం.)

జనవరిలో ఆవిడ బీమా కంపెనీ, తాను డబ్బు చెల్లించే మందుల జాబితా మార్చింది. చవక మందును తీసేసి, దానికి అయిదింతల ధర పలికే అసలు మందును పెట్టింది. ఆర్డిస్ కంపెనీకి ఫోన్ చేసినప్పుడు నేను ఆవిడ కుర్చీలోనే మెడకు గుడ్డ కట్టుకుని ఉన్నాను. స్పీకర్లో పలికినాయన పొదుపు వివేచన విభాగపు ఉపాధిపతి వెండెల్ ప్రూట్.

"నాకా చవకదే ఇప్పించండి బాబూ. మీకే కలిసొస్తుంది కదా?" అంది ఆర్డిస్.

"చవకది మాకు గిట్టుబాటు కాదమ్మా. అసలు మందువాళ్లు ధరలో సగానికి పైగా మాకు వెనక్కిస్తారు. చవకవాళ్ల దగ్గర వెనక్కివ్వడానికి ఏముంటుంది చెప్పండి, పాపం!"

"మరి నేను కట్టేదో?"

"అసలు ధరలో అయిదో వంతేనండీ."

ఆర్డిస్ కత్తెర ఆపి లెక్క వేసుకుంది. "అంటే, చవక మందు మొత్తం ధరెంతో అంతా నా ఒక్కదాని నెత్తినే పడుతుందన్నమాట!"

"చూశారా! ఇక చవక మందు పోయిందన్న బెంగే అక్కర్లేదు మీకు."

"అది మా షాపు అద్దెంత ఉంది నాయనా. పాతదే కావాలంటే ఏం చెయ్యాలి?"

"ముందు ఖరీదైనది వాడి, అది మీకు పని చెయ్యలేదని నిరూపించాలి."

"అది పని చేస్తుందయ్యా! రెండూ ఒకలాంటి మందే!"

"మీ కేసులో ఇబ్బందల్లా అదేనండీ," అన్నాడు ప్రూట్ ఎంతో సానుభూతితో.

నాకు ఒళ్లు మండింది. ఆర్డిస్ మాత్రం ఆయన సమయం తీసుకున్నందుకు క్షమాపణ చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఫ్రిజ్‌లో మిగిలిన ఇంజెక్షన్లను ఆవిడ ఊరగాయలా పొదుపుగా వాడుకుంది, వేసవికల్లా అవీ అయిపోయాయి. ఊళ్లో క్రాపులు ఒక పక్కకు ఒరగసాగాయి. పాస్టర్ గారి జుట్టు ఎడమవైపు మూడంతస్తులుగా తేలింది. అయినా ఎవరూ పెదవి విప్పలేదు. మేము నార్వే నుంచి వచ్చినవాళ్ల సంతతి. ఇల్లు తగలబడుతుంటే చలి తగ్గిందనుకుంటామే గానీ ఫిర్యాదు చెయ్యం. ఆదివారం చర్చిలో అందరం టోపీలు తియ్యడానికి మాత్రం కాస్త తటపటాయించాం.

డాక్టర్ క్వామ్ అప్పీలు చేశాడు. దాని మీద కంపెనీవారు "వృత్తి సామర్థ్య విచారణ" జరిపారు, అంటే ఆర్డిస్ షాపుకొచ్చేవాళ్లకు వరసగా ఫోన్లు చేశారు. (రోగి మాట నమ్మరాదు, డాక్టరు మాట అసలే నమ్మరాదు, మంగలి షాపులో తల అప్పగించినవాడి మాట వేదవాక్కు అని ఆ విభాగపు సిద్ధాంతం.)

ఊరు ఊరంతా ఒక్క తాటి మీద నిలబడింది. పనితనం పోయిందంటే ఆవిడ షాపు ఏం కావాలి? "ఇలాంటి క్రాపు నా జన్మలో చూడలేదు" అన్నాడు పాస్టరు, అబద్ధమాడే దోషం తగలకుండా. ఇనుప సామాన్ల కొట్టు హాల్వర్ "భేషుగ్గా ఉంది" అన్నాడు, చెవి మీది పట్టీ సవరించుకుంటూ. నేనూ అదే అన్నాను. ఆవిడ పరువు కాపాడుతున్నాననుకున్నాను.

తీర్పు వెంటనే వచ్చింది. ఏ మందూ లేకుండానే ఆర్డిస్ తోర్గెర్సన్ అద్భుతంగా పని చేస్తోందని పదిహేడు మంది సాక్ష్యం చెప్పారు కనుక, ఖర్చుకు తగ్గ ఫలితమిచ్చే చికిత్స ఆమెకు ఏ మందూ ఇవ్వకపోవడమే. ఫలితాన్ని ఖర్చుతో, అంటే సున్నాతో భాగించగా లాభం అనంతమని తేలింది. దాన్ని కనిపెట్టిన ప్రూట్ గారికి పదోన్నతి వచ్చింది.

అక్టోబరులో ఒకనాడు నా కుడి చెవి పక్కన కత్తిరిస్తుండగా ఆవిడ వేళ్లు విచ్చుకోక, కత్తెర జారింది. మెడ గుడ్డంతా ఎర్రబడింది. ఆర్డిస్ తువ్వాలు అదిమి పట్టుకుని, మా ఊళ్లో ఎవరూ చెయ్యని పని చేసింది. ఏడ్చేసింది.

"ఇక నా వల్ల కాదు నాయనా. షాపు మూసేస్తాను. నువ్వు ఇంకెక్కడైనా చూసుకో."

"ఏం కాలేదండీ, చిన్న గాటేగా," అన్నాను.

"చాల్లే ఊరుకో! మీరంతా కలిసి ఆ మాట అనే కదా నన్నిలా చేశారు!" అంది. ఆవిడ గొంతు పెంచగా వినడం అదే మొదలు.

అత్యవసర విభాగంలో నా చెవికి నాలుగు కుట్లు వేశారు. నా బీమా కూడా అదే కంపెనీది. ఒక్క ప్రశ్న అడక్కుండా బిల్లు మొత్తం కట్టింది. ఆ డబ్బుతో ఆర్డిస్‌కు చవక మందు ఆరు నెలలు వచ్చేది.