ఏ మొహం పెట్టుకుని వచ్చారు?

మనిషి గుట్టు ఆ మనిషికే తెలియకుండా కాపాడటంలో నాగరికత ఈ మధ్యే పరిపూర్ణత సాధించింది.

ఏర్పాటు తేలికే. ఊళ్లోని అయిదు ఆసుపత్రుల్లో పరిశోధన కోసం తీసిన మెదడు స్కాన్లు ఏవీ గడప దాటవు. కంప్యూటర్ ప్రోగ్రామే చుట్టపుచూపుగా ఒక్కో ఆసుపత్రికీ వెళ్లి, అన్నీ చూసి, పాఠం మాత్రం నేర్చుకుని, ఎవరింట్లో ఏం చూసిందో మరిచిపోతుంది (చుట్టాలకు ఈ గుణం ఇంకా రాలేదు). స్కాన్ల మీద పేర్లుండవు. ముక్కూ చెంపలూ చూసి ఎవరైనా పోల్చుకుంటారని ముఖాలు కూడా చెరిపేస్తారు.

పోయిన నెల ఆ ప్రోగ్రాము మా ఆసుపత్రిలోని మూడు వందల పన్నెండు స్కాన్లలో ఒకదాని దగ్గర ఆగింది. కణితి. నెలలోగా తీసేస్తే మనిషి బతుకుతాడు. ఎవరో మాత్రం తెలియదు. అధికారులు చప్పట్లు కొట్టారు.

పరిశోధనకు స్కాన్ ఇచ్చినవాళ్లలో ఒక బస్సు డ్రైవరున్నాడు. కొన్నాళ్లుగా అతనికి తలనొప్పి. కణితి కబురు విని, అక్క అతన్ని వెంటబెట్టుకుని గోప్యతాధికారి గదికి వచ్చింది.

“ఏ మొహం పెట్టుకుని వచ్చారు?” అన్నాడు అధికారి, చాలా మర్యాదగా.

“అవేం మాటలండీ!”

“తిట్టు కాదమ్మా, నిబంధన. స్కాన్‌కి మొహం లేదు. మీ తమ్ముడికేమో ఉంది. ఎలా సరిపోల్చను?”

“పోనీ మళ్లీ తీయండి.”

“తీస్తే పాతదానితో కలుస్తుంది. ఎవరిదో తెలిసిపోదూ?”

“తెలియాలనే కదండీ వచ్చాం! పోనీ, వేరే ఆసుపత్రికి వెళ్తాం.”

“మిగతా నాలుగూ మా ఒప్పందంలోవే.”

“సార్, నా బస్సులో రోజూ అరవై మంది ఎక్కుతారు,” అన్నాడు డ్రైవరు.

“ముందు నీ తల సంగతి చూసుకోరా!” అంది అక్క.

విషయం ఆసుపత్రి నైతిక సంఘానికి వెళ్లింది. ఒకరినే వేరుచేసి చూపడం తప్పు కనక అందరికీ ఆపరేషన్ చేయాలని సంఘం తీర్మానించింది. మంచాలు చాలక, ఉత్తరాలతో సరిపెట్టింది: “మీలో ఒకరికి కణితి ఉంది. అది మీరు కాకపోతే ఈ ఉత్తరాన్ని పట్టించుకోకండి. మీరే అయితే ఎవరికీ చెప్పకండి.”

ఉత్తరం అందిన రోజే మూడు వందల పన్నెండు మందికీ తలనొప్పి పట్టుకుంది. (మనసు అంత విధేయమైనది.) అసలు మనిషి గుంపులో ఎంత చక్కగా కలిసిపోయాడంటే, గోప్యతాధికారికి ప్రమోషన్ వచ్చింది.

నెల తిరిగాక సంతృప్తి పత్రాలు పంపారు. ఒక్కటి తప్ప అన్నీ సంతకాలతో తిరిగొచ్చాయి. ఆ ఒక్కటీ ఎవరిదో చెప్పడానికి డ్రైవరు అక్క ఒంటరిగా వచ్చింది. వినడం నిబంధనలకు విరుద్ధమని అధికారి చెవులు మూసుకున్నాడు.