ఏడో నంబరు కిందికి దిగింది

ఉదయం ఎనిమిదింటికి ఉపగ్రహాన్ని కాస్త కిందికి దించడం, తొమ్మిదింటికి పన్ను పీకించుకోవడం. ఆ రోజుకి నిదానమ్మ పెట్టుకున్న పనులు రెండే. ఆమె భయపడింది రెండోదానికే.

ఉపగ్రహాలకు దారులు లెక్కకట్టడం ఆమె ఉద్యోగం. భూమి చుట్టూ వరుసగా తిరిగే పన్నెండింటిలో ఒకటి పాడై ఖాళీ పడింది. వాటి వరుసలోనే వెనక అదనంగా ఉంచిన ఏడో నంబరును అక్కడికి జరపాలి. దానిలో ఇంధనం అడుగంటింది. నేరుగా అక్కడికి తోస్తే ఇవాళే ఆఖరు. పొదుపుగా వాడితే ఐదేళ్ళ ఆయుష్షు. రెండు వారాలు బుర్ర బద్దలు కొట్టుకుని ఆమె దారి పట్టుకుంది. కాస్త దించితే చాలు. కిందిదారి పొట్టిది, అక్కడ పరుగెక్కువ. ఒక్కో చుట్టుకీ కొంత ముందుకు జరిగి, ఎల్లుండికి తనంతట తానే ఖాళీ దగ్గరికి చేరుతుంది. అక్కడ మళ్ళీ కాస్త ఎత్తి నిలిపితే సరి.

దించేసి, తెరకి చీటీ అంటించి వెళ్ళింది: "ఏడు దిగుతుంది. ముట్టుకోవద్దు." కాసేపటికి ఫ్యాను గాలికి చీటీ కూడా దిగింది.

ఆఫీసంతా టముకు అని పిలిచే ఆపరేటరు తెర చూసి పెద్దసారు గదికి పరిగెత్తాడు.

"సార్, ఏడోది ఇరవై కిలోమీటర్లు దిగిపోయింది."

"దిగడమేంటయ్యా? పడుతోందా?"

"నేను దిగిందనే అన్నానండి. పడటం మీరన్నారు."

పెద్దసారు పైవాళ్ళకి "పడవచ్చు" అన్నాడు. పైవాళ్ళు "ఎవరి నెత్తిన?" అన్నారు. చిలికి చిలికి గాలివానై, మధ్యాహ్నానికి ఐదుగురి కమిటీ కూర్చుంది.

నిదానమ్మ పన్ను అప్పటిదాకా మొండికేసి అప్పుడే ఊడింది. అత్తగారు ఫోన్ చేసింది. "మీ ఆఫీసుది ఏదో పడుతోందటగా అమ్మాయ్. ఆరేసిన బట్టలు లోపలేశాను."

నోట్లో దూదితోనే ఆమె ఆఫీసుకి ఉరికింది. సాయంత్రం ఉపగ్రహం నెత్తిమీదికి రాగానే, ఉన్న ఇంధనమంతా మండించి పైకెత్తాలని అప్పటికే తీర్మానం. మాట పెగలక ఆమె బోర్డు మీద రాసింది: "ముందుకెళ్ళాలంటే కిందికి దిగాలి."

"మెట్లమీంచి జారినవాడూ అదే అంటాడమ్మా," అన్నాడు పెద్దసారు.

ఆమె చేతిలో సుద్ద విరిగింది. ఐదేళ్ళ ఆయుష్షు ఐదు సంతకాల దూరంలో ఉంది. ఉన్నట్టుండి ఆమె కళ్ళు గోడమీద, ఏడోది నెత్తిమీదికి వచ్చిపోయే పాత వేళల పట్టిక మీద పడ్డాయి. మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చుంది. నోట్లో దూది లేకపోయినా అప్పుడు నోరు విప్పేది కాదేమో.

నాలుగో ఆయన తీర్మానంలో ఒక కామా తీయమన్నాడు. ఐదో ఆయన పెట్టమన్నాడు. పట్టిక ప్రకారం అది దాటిపోవడానికి ఇంకా రెండు నిమిషాలుందనగా టముకు మీట నొక్కాడు. జవాబు లేదు.

"పడిపోయిందా?" పెద్దసారు కుర్చీలోంచి లేచాడు.

"లేదండి, వెళ్ళిపోయింది. మూడు నిమిషాలు ముందొచ్చి ముందే పోయింది. ఎత్తు మాత్రం పొద్దున దిగినంతే. జానెడు తగ్గలేదు."

తెరమీద ఆ చుక్క సముద్రాలు దాటి, పగటిలోంచి చీకట్లోకి, చీకట్లోంచి మళ్ళీ పగటిలోకి జారిపోతోంది. మంట లేదు, తోపు లేదు. పెద్దసారు కళ్ళద్దాలు తీసి, తుడవడం మర్చిపోయి, అలాగే చూస్తుండిపోయాడు.

"ఎవరు నడుపుతున్నారమ్మా దాన్ని?"

నిదానమ్మ దూది తీసింది. "భూమి, సార్."

మూడోనాటి ఉదయం ఏడో నంబరు ఖాళీలో కుదురుకుంది. కమిటీ ఎక్కడా తొందరపడకపోవడం వల్లే ఇది సాధ్యమైందని నివేదికలో రాశారు.