ముగ్గుపిండి ఫైర్ స్టేషన్

ఆ ఆదివారం పొద్దున ఆర్కిటెక్ట్ మనోజ్ఞ వేసుకున్న ప్లాను చాలా చిన్నది.

బందరు రోడ్డు వెంట ఊరు పెరుగుతూ పోతోంది. అటువైపు ఎక్కడ మంటలు లేచినా ఫైరింజను బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌ను ఈదుకుంటూ రావాలి. అందుకే గోకుల్ కాలనీ పక్కనున్న ఖాళీ స్థలంలో కొత్త ఫైర్ స్టేషన్ కట్టాలనుకుని, డిజైను ఆమెకు అప్పగించారు. కాగితం మీద గీసినదాన్ని ఊరికే నమ్మడం మనోజ్ఞకు అలవాటు లేదు. నేల మీద ముగ్గుపిండితో స్టేషన్ మొత్తాన్ని అసలు కొలతల్లో గీసి, అందులో ఫైర్‌మన్లను పడుకోబెట్టి, హారన్ మోగగానే మంచాల దగ్గర్నుంచి బండి దాకా ఒకరికొకరు అడ్డం రాకుండా పరిగెత్తగలరో లేదో చూడాలనుకుంది.

తొందరకు కారణం ఉంది. సైరన్ మోతకు నిద్రలుండవని కాలనీ అసోసియేషన్ అధ్యక్షుడు రామకోటేశ్వరరావు పై అధికారుల్ని కలిసి గట్టిగా చెప్పి వచ్చాడు. స్టేషన్‌ను ఊరి బయటికి మార్చేద్దామన్న మాట అప్పటికే నడుస్తోంది. ఇక్కడే బాగుంటుందని మనోజ్ఞ త్వరగా చూపించకపోతే స్థలం చేజారినట్టే.

రాత్రంతా ఒక గోడౌనులో మంటలార్పి, డ్యూటీ దిగిన నలుగురు ఫైర్‌మన్లు నేరుగా అక్కడికే వచ్చారు. వాళ్ళకు పెద్ద చిట్టిబాబు. నాగాయలంక దగ్గర చేపల వేట చేసుకునే కుటుంబంలో పుట్టినవాడు. ఫైరింజను ఖాళీ లేదు కాబట్టి దాని బదులు నిలబెట్టడానికి మనోజ్ఞ ఒక నీళ్ళ ట్యాంకరు మాట్లాడింది. ఆ ట్యాంకరు డ్రైవరు పేరయ్య దారి తప్పి బెంజ్ సర్కిల్ దగ్గర ఇరుక్కున్నానని ఫోన్ చేశాడు. దారి చూపించడానికి మనోజ్ఞ స్కూటరెక్కింది.

"నేనొచ్చేదాకా కళ్ళు మూసుకుని పడుకోండి. ఎవరు పలకరించినా పలకొద్దు. నిజంగా నిద్రపోతున్నట్టే ఉండాలి. హారన్ వినపడ్డాకే లేవాలి."

"నిద్రపోతున్నట్టు నటించడం మాకు చేతకాదండీ మేడమ్. నిద్రే పోతాం," అన్నాడు చిట్టిబాబు. అన్నట్టే నిద్రపోయాడు.

కాసేపటికి పూలు కొనుక్కుని అటుగా వచ్చిన కాలనీ పెద్దావిడ పద్మావతమ్మకు ఈ దృశ్యం కనిపించింది. ఎండలో కటిక నేల మీద, తెల్లటి గీతల మధ్య, ఖాకీ బట్టల్లో నలుగురు మనుషులు. ఏమైందని అడిగితే పలకరు. టిఫినైనా తిన్నారా అని అడిగితే, ఇంకా నిద్ర పట్టని ఒక కుర్రాడు కళ్ళు తెరవకుండానే లేదన్నట్టు తలూపాడు. ఆవిడ ఇంటికి వెళ్ళి బకెట్‌తో మజ్జిగ కలిపి తెచ్చింది. ఒక్కరూ ముట్టలేదు. ఇది నిరాహార దీక్షేనని ఆవిడకు రూఢి అయింది.

కబురందుకుని రామకోటేశ్వరరావు వచ్చాడు. 'ఫైర్ స్టేషన్ స్థలం' అన్న బోర్డు చూశాడు. పడుకున్నవాళ్ళను చూశాడు. స్టేషన్ రద్దయిందనీ, అందుకే పాపం వీళ్ళు అన్నం మానేసి ఆ స్థలంలోనే పడుకున్నారనీ, దీనికంతా కారణం తానేననీ ఆయనకు అర్థమైపోయింది. చల్లపల్లి నుంచి వచ్చి బియ్యం వ్యాపారంలో పైకొచ్చిన మనిషి. మాట కరుకే గాని, ఎదుటివాడు ఆకలితో ఉంటే చూడలేడు.

ముందు వాళ్ళకు నీడ కోసం షామియానా వేయించాడు. షామియానా వేశారు కాబట్టి కుర్చీలొచ్చాయి. కుర్చీలున్నాయి కాబట్టి జనం కూర్చున్నారు. జనం ఉన్నారు కాబట్టి లోకల్ చానల్ కిరీటి మైకుతో వచ్చాడు. ఎవరో చిట్టిబాబు మెడలో దండ వేశారు. అతను అటు తిరిగి పడుకున్నాడు.

"మన ప్రాణాలు కాపాడేవాళ్ళు కడుపు మాడ్చుకుంటుంటే మనం ఎట్టా తింటామండీ? స్టేషన్ ఇక్కడే కట్టాలి. కడతామని చెప్పేదాకా నేనూ ముద్ద ముట్టను," అన్నాడు రామకోటేశ్వరరావు కెమెరా వైపు తిరిగి. అప్పటికే రెండు పెసరట్లు తిన్న సంగతి ఆయన చెప్పలేదు. కిరీటీ అడగలేదు.

ట్యాంకరును వెంటబెట్టుకుని వచ్చిన మనోజ్ఞకు తన స్టేషన్ మీద ఎవరిదో పెళ్ళి జరుగుతున్నట్టు తోచింది. సందు నిండా స్కూటర్లు, మనుషులు. బండి కదిలే దారి లేక పేరయ్య హారన్ మీద చెయ్యి వేసి ఇక తియ్యలేదు.

నలుగురూ ఒక్కసారిగా లేచారు. కుర్చీల మధ్య నుంచి, కొన్ని కుర్చీల మీద నుంచి పరిగెత్తారు. మైకొక పక్కకూ కిరీటి ఒక పక్కకూ పడ్డారు. దండతో సహా చిట్టిబాబు ట్యాంకరెక్కి నిలబడ్డాడు. దీక్ష చేస్తున్నవాళ్ళను ఎవరో ఎత్తుకుపోతున్నారని జనం బండిని చుట్టుముట్టారు. రామకోటేశ్వరరావు వెళ్ళి చక్రాల ముందు పడుకున్నాడు.

మనోజ్ఞ ఆయన పక్కన కూర్చుని సంగతంతా మొదటి నుంచి చెప్పింది. ఆయన పడుకునే విన్నాడు.

"అంటే మీరు చేసింది దీక్ష కాదా?" అని చివరికి చిట్టిబాబును అడిగాడు.

"దీక్ష కాదండీ. నిద్ర."

రామకోటేశ్వరరావు లేచి చొక్కాకంటిన ముగ్గు దులుపుకున్నాడు. ముఖం ఎర్రబడింది. తన మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పడానికి కిరీటి కోసం వెతుకుతుండగా, బండి దిగిన చిట్టిబాబు పద్మావతమ్మను చూసి ఆగాడు.

"మామ్మగారూ, మీది ఆ రెండో అంతస్తు కదండీ? వేసవిలో వంటిల్లు అంటుకుందీ..."

ఆవిడ అతన్ని తేరిపార చూసింది. ఆ రోజు పొగలో, ముఖానికి మాస్కుతో ఎవరో తనను భుజాన వేసుకుని మెట్లు దించారు. ఎవరో తెలియక, ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక ఇన్నాళ్ళూ ఉండిపోయింది.

"ఆలస్యంగా వచ్చావని ఆ రోజు నిన్ను తిట్టాను నాయనా. నీకు వినపడిందో లేదో."

"వినపడిందండీ. నిజమే కదా అనుకున్నాను. అంత దూరం నుంచి రావాలి కదండీ."

ఆవిడ గ్లాసు నిండా మజ్జిగ ముంచి ఇచ్చింది. అతను గటగటా తాగేసి మళ్ళీ గ్లాసు చాపాడు. మిగతా ముగ్గురూ వెనక వరుస కట్టారు.

ఇంతలో రామకోటేశ్వరరావు ఫోన్ మోగింది. టీవీ చూసిన పై అధికారి. కాలనీవాళ్ళు ఇంత పెద్ద మనసు చేసుకున్నందుకు ఎంతో సంతోషంగా ఉందనీ, స్థలం మార్చే ఆలోచన మానుకుంటున్నామనీ చెబుతున్నాడు. రామకోటేశ్వరరావు ఒకసారి కెమెరా వైపు చూశాడు. కళ్ళు తుడుచుకుంటూ మజ్జిగ పోస్తున్న పద్మావతమ్మ వైపు ఇంకాసేపు చూశాడు.

"అవునండీ, మా అందరి కోరికేనండీ. అబ్బే, మాకు థాంక్సెందుకండీ, వాళ్ళకు చెప్పాలి గాని," అన్నాడు. ఫోన్ పెట్టేసి మనోజ్ఞ వైపు తిరిగాడు. "సైరన్ మాత్రం మెయిన్ రోడ్డెక్కాకే మోగాలమ్మా."

మనోజ్ఞ అప్పటికే సందువైపు ముగ్గుతో గీసిన గేటును కాలితో చెరిపేస్తోంది. నాలుగు స్కూటర్లు అడ్డం పెడితే బండి కదలదని కాగితం మీద ఆమెకు తట్టలేదు. కొత్త గేటు బందరు రోడ్డు వైపు గీసి, వచ్చిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా థాంక్స్ చెప్పింది. ఎందుకు చెబుతోందో చాలామందికి తెలియలేదు గాని, అందరూ ఫర్వాలేదన్నారు.

స్టేషన్ కట్టడం పూర్తయింది. ప్రారంభోత్సవం రోజు పక్క కాలనీ అధ్యక్షుడు మనోజ్ఞను ఒక పక్కకు పిలిచి, తమకు పార్కు కావాలనీ, బాగా పడుకునే మనుషులెవరైనా ఉంటే పంపించమనీ అడిగాడు.