అణుగడియారానికి ఒక వాటా

దేశరక్షణలో ఒక్క సెకను తేడా కూడా క్షమార్హం కాదని సంచార సూక్ష్మకాల పరీక్షా విభాగం నిర్ణయించింది. (నిర్ణయించడానికి పదకొండేళ్లు పట్టింది.) సైనికుడు వీపున మోసుకెళ్లే యంత్రాల కోసం అగ్గిపెట్టెంత అణుగడియారం తయారైంది. అది మూడు లక్షల ఏళ్లకు ఒక్క సెకను తప్పుతుందట. ఉప్పుగాలికీ కుదుపులకీ తట్టుకుంటుందో లేదో చూడాలి. అంతగా కుదిపే యంత్రానికి టెండరు కుదరక, ఉద్దానం తీరంలో కూర్మనాథం చేపల పడవకి దాన్ని బిగించారు.

నిబంధన ఒక్కటే. రోజూ తెల్లవారి సరిగ్గా ఐదుకి పరిశీలనాధికారి నారాయణమూర్తి గారు టెక్కలి నుంచి వచ్చి, గడియారం సరిచూసి సంతకం పెట్టాకే పడవ కదలాలి. ఆయన పదిన్నరకి వచ్చేవారు. (రిజిస్టరులో ఐదనే రాసేవారు. గడియారం ఏమీ అనేది కాదు.) పదిన్నరకి సముద్రంలో మిగిలేది నీళ్లే. తొమ్మిది రోజులుగా ఖాళీ వలతో తిరిగొస్తున్న కూర్మనాథానికి కడుపు మండిపోతోంది.

"పక్కూరోల్లు బుట్టలు బుట్టలు కానాగంత సేపలు దింపుతన్నారే! నానేమో ఈ డబ్బాకి కాపలా కాత్తన్నాను," అని ఇసుకలో కూలబడ్డాడు.

భార్య గౌరి వల దులుపుతూ, "తప్పు నీదే మావా," అంది. "పడ్డ సేపల్లో పడవకో వాటా, వలకో వాటా, ఇంజనుకో వాటా ఇత్తన్నాం. పడవెక్కిన ఈ డబ్బా ఏటి పాపం సేసింది? దానికీ ఓ వాటా తియ్యి. దాని తరపున ఆ బాబునే పట్టుకెల్లమను."

కూర్మనాథం ఆ మాటే విన్నవించాడు. నారాయణమూర్తి గారు నిబంధనల పుస్తకమంతా తిరగేసి, చేపలు తీసుకోరాదని ఎక్కడా లేదని నిర్ధారించారు.

మర్నాడు ఐదుకి పది నిమిషాల ముందే ఆయన ఒడ్డున ఉన్నారు, సంచితో సహా. సంతకం చకచకా పడింది. వల చిరిగేంత చేప పడింది. కూర్మనాథం ఆనందం పట్టలేక గడియారానికి బొట్టు కూడా పెట్టాడు.

వారం తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది: గడియారం బ్యాటరీకి ఒక వాటా, బిగించిన నాలుగు స్క్రూలకి తలా ఒకటి. కూర్మనాథం వాటాలన్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

"బాబూ, ఈ పరీచ్చ ఎప్పుడైపోద్దండీ?"

"గడియారం ఒక్క సెకను తప్పాలి. తప్పగానే రాసుకుని ముగించేస్తాం," అన్నారు నారాయణమూర్తి గారు, పెద్ద చేపని సంచిలో సర్దుతూ. "మనవలకి కూడా చెప్పి ఉంచు."

గడియారం ఇంతవరకు ఒక్క సెకను తప్పలేదు. నారాయణమూర్తి గారు ఒక్క రోజూ తప్పలేదు.